బీటీ పత్తికి యూరియా ఎంత, ఎప్పుడు, ఎక్కడ వేయాలి?

జులై మొదలైతే చాలు, ఒకటే ప్రశ్న. “చేను పాలిపోయి ఉంది, ఇంకో అర బస్తా యూరియా వేయనా?” సెప్టెంబరు వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. “మూడు బస్తాలు వేశాను, అయినా ఆకు ఎర్రబారుతోంది. ఏం తక్కువైంది?” చాలా చేలల్లో బస్తాలేమీ తక్కువ కాలేదు. వేసిన యూరియాలో పెద్ద వాటా మొక్కకు అందకుండానే పోయింది. మిగిలింది మొక్కకు అవసరమైన రోజుల్లో కాక మరెప్పుడో అందింది.

అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే చోట రాస్తున్నాను. ఇది ముఖ్యంగా వర్షాధారంగా పత్తి వేసే తెలంగాణ, ఆంధ్ర రైతుల కోసం. డ్రిప్ ఉన్నవాళ్లకు, దగ్గర దగ్గరగా విత్తినవాళ్లకు తేడా ఎక్కడ వస్తుందో ఆయా చోట్ల చెప్పాను.

ముందు తెలుసుకోవాల్సింది కొంచెమే

“తక్కువ యూరియాతో ఎక్కువ కాసే బీటీ రకం ఏది?” అని చాలామంది అడుగుతారు. అలాంటి జన్యువు పెట్టిన పత్తి మన దేశంలో అమ్మకానికి లేదు. 2002లో అనుమతి వచ్చిన మొదటి బీటీలోనూ, 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2లోనూ పెట్టిన జన్యువులు కాయతొలుచు పురుగులను చంపడానికే. నత్రజనిని ఎక్కువగా పీల్చుకునే గుణం వాటిలో లేదు. ఎవరైనా అలా చెప్పి విత్తనం అంటగడితే నమ్మకండి.

కానీ బీటీ వల్ల ఒక మార్పు మాత్రం వచ్చింది. పాత రోజుల్లో తొలి గూడ (పూమొగ్గలు), తొలి పూత చాలావరకు శనగపచ్చ పురుగు పాలయ్యేది. మొక్క మళ్లీ పూసి నిదానంగా కాసేది. ఇప్పుడు ఆ తొలి కాయలు చెట్టు మీదే నిలుస్తున్నాయి. ఒకేసారి ఇన్ని కాయలు తిండి అడగడంతో 45 నుంచి 90 రోజుల మధ్య మొక్కకు నత్రజని, పొటాష్ విపరీతంగా కావాలి. నేలలో దొరక్కపోతే కింది ఆకుల్లో ఉన్నదాన్ని లాగి కాయకు పంపిస్తుంది. ఆకు ఎర్రబారడానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఇంకో సంగతి. పింజ దాదాపు అంతా సెల్యులోజ్, అందులో నత్రజని లేనట్టే. కాయలో నత్రజని గింజలోకి వెళ్తుంది. పురుగును చంపే బీటీ ప్రోటీన్ తయారు కావడానికి కూడా నత్రజని కావాలి. నత్రజని బాగా తగ్గిన మొక్కలో ఆ ప్రోటీన్ కూడా తగ్గుతుంది. అలాగని ఎక్కువ వేస్తే ఆకు మెత్తబడి పచ్చదోమ, తెల్లదోమ వాలతాయి, కాపు వెనక్కి జరుగుతుంది. కాబట్టి తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- భూసార పరీక్ష ఫలితం. లేకపోతే ఈ వేసవిలోనైనా మట్టి తీసి పంపండి.
- యూరియా: 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే సుమారు 20.7 కిలోలు.
- డీఏపీ ఒక బస్తా లేదా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 3 బస్తాలు (ఎకరాకు).
- మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 40 కిలోలు (ఎకరాకు).
- మెగ్నీషియం సల్ఫేట్, పిచికారీ కోసం.
- వంటింటి తూకం లేదా చిన్న స్ప్రింగ్ త్రాసు. ఒక టీ స్పూను లేదా సీసా మూత.
- ఒక నోటుబుక్కు. విత్తిన తేదీ, వాన పడిన రోజులు, ఎరువు వేసిన రోజులు అందులో రాయండి. ఇది లేకపోతే చివర్లో లెక్క తేలదు.

1. మోతాదు తేల్చుకోండి

బీటీ హైబ్రిడ్‌కు సాధారణ సిఫారసు ఎకరాకు 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్. వాన మీదే ఆధారపడ్డ తేలిక నేలల్లో 48 కిలోల నత్రజనితో ఆగినా తప్పులేదు. నీటికి మించి ఎరువు వేస్తే ఫలితం ఉండదు.

భూసార పరీక్ష కాగితంలో సేంద్రియ కర్బనం చూడండి. 0.5 శాతం లోపు ఉంటే నత్రజని తక్కువ ఉన్న నేల, సిఫారసు కంటే 30 శాతం దాకా పెంచవచ్చు. 0.5 నుంచి 0.75 మధ్య ఉంటే సిఫారసు ప్రకారమే వేయండి. 0.75 దాటితే 30 శాతం తగ్గించవచ్చు. మన పత్తి చేలల్లో ఎక్కువ భాగం మొదటి వరుసలోనే ఉంటాయి. అయినా వర్షాధారంలో పెంచే ముందు ఒకసారి ఆలోచించండి. ఆ నేలకు ఎక్కువగా కావాల్సింది పశువుల ఎరువు. ఎకరాకు 4 టన్నుల బాగా చివికిన ఎరువు ఆఖరి దుక్కిలో వేస్తే అది నీటినీ పట్టి ఉంచుతుంది, మీరు వేసిన యూరియానూ పట్టి ఉంచుతుంది. అంత దొరకదు అంటారు, నిజమే. దొరికినంతే వేయండి, కానీ చేనంతా పలచగా చల్లకుండా ప్రతి ఏటా చేనులో ఒక భాగానికి పూర్తి మోతాదు అందేలా చూడండి.

2. బస్తాల లెక్క వేయండి

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. యూరియా ఒక్కటే లెక్కపెడతారు, డీఏపీలో, కాంప్లెక్స్‌లో ఉన్న నత్రజనిని మరిచిపోతారు.

ఒక డీఏపీ బస్తాలో (50 కిలోలు) 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. కాంప్లెక్స్ బస్తా మీది అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం శాతాలు. 20-20-0-13 బస్తాలో 10 కిలోల నత్రజని ఉంటుంది, 28-28-0లో 14 కిలోలు. ఒక రైతు అడుగున డీఏపీ ఒక బస్తా, తర్వాత 28-28 రెండు బస్తాలు, యూరియా మూడు బస్తాలు వేశాడనుకుందాం. “మూడు బస్తాలే వేశాను” అంటాడు. చేలో పడింది మాత్రం 99 కిలోల నత్రజని.

60 కిలోల నత్రజనికి లెక్క ఇలా:

- డీఏపీ వేస్తే: డీఏపీ నుంచి 9 కిలోలు వచ్చాయి, ఇంకా 51 కావాలి. దానికి యూరియా 111 కిలోలు, అంటే రెండున్నర బస్తాలు. నాలుగు దఫాలుగా పంచితే దఫాకు 28 కిలోలు.
- సూపర్ ఫాస్ఫేట్ వేస్తే: 60 కిలోలూ యూరియా నుంచే రావాలి. 130 కిలోలు, అంటే మూడు బస్తాలకు కొంచెం తక్కువ. దఫాకు సుమారు 32 కిలోలు.

48 కిలోల నత్రజని చాలనుకున్నవాళ్లు డీఏపీతో పాటు 85 కిలోల యూరియా వేస్తే సరిపోతుంది. దఫాకు 21 కిలోలు.

పొటాష్ 40 కిలోలను దఫాకు 10 కిలోల చొప్పున యూరియాతో పాటే వేయండి. పొటాష్ చాలకపోతే వేసిన నత్రజని కూడా కాయ దాకా చేరదు.

సూపర్, డీఏపీ రెండిట్లో నాకు సూపరే ఇష్టం. అందులో 11 శాతం గంధకం కూడా ఉంటుంది. మూడు బస్తాలు మోయాలి, చల్లాలి అన్నది ఒక్కటే ఇబ్బంది.

3. అడుగున యూరియా వేయకండి

భాస్వరం మొత్తం దుక్కిలో లేదా విత్తేటప్పుడే వేయండి. యూరియా మాత్రం వద్దు. మొలక వేరు ఇంకా వేలెడంత కూడా ఉండదు. విత్తగానే కురిసే జోరు వానలకు ఆ యూరియా చల్క (తేలిక ఎర్ర) నేలల్లో కిందికి దిగిపోతుంది, లేకపోతే కలుపుకు బలం అవుతుంది. డీఏపీ నుంచి వచ్చే 9 కిలోలు మొదటి మూడు వారాలకు చాలు.

విత్తడం కూడా తొందరపడకండి. 60-75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే గింజ పెట్టండి. మొక్కలు సగం మొలిచి సగం మొలవని చేలో ఎంత జాగ్రత్తగా ఎరువు వేసినా సగం వృథానే.

4. నాలుగు తేదీలు ముందే రాసుకోండి

విత్తిన 20, 40, 60, 80 రోజులకు. జూన్ 15న విత్తారనుకుంటే జులై 5, జులై 25, ఆగస్టు 14, సెప్టెంబరు 3.

ఈ తేదీల కోసం ప్రాణం పెట్టనక్కర్లేదు. వానను బట్టి అయిదారు రోజులు ముందుకో వెనక్కో జరపవచ్చు. కానీ దఫాలు కలపొద్దు. “20 రోజులది తప్పిపోయింది, 40కి రెండూ కలిపి వేస్తాను” అనేది మనకు అలవాటైన పద్ధతి. అంత యూరియాను ఆ వయసు మొక్క ఒక్కసారిగా తీసుకోలేదు. తప్పిన దఫాను మిగిలిన దఫాల్లో కొంచెం కొంచెంగా పంచండి.

నాలుగు దఫాల్లో 40, 60 రోజులవి చాలా ముఖ్యం. గూడ పట్టేది, పూత నిండేది అప్పుడే. కూలీలు దొరక్క ఏదో ఒకటి తగ్గించాల్సి వస్తే వీటిని మాత్రం వదలకండి.

80-85 రోజుల తర్వాత నేలకు యూరియా ఆపేయండి. ఈ మాట చెబితే చాలామందికి కష్టంగా ఉంటుంది, చెట్టు ఇంకా పచ్చగా పెరుగుతోంది కదా అంటారు. ఆలస్యంగా వేసిన యూరియాతో వచ్చే కాయలు నవంబరు, డిసెంబరుల్లో ముదురుతాయి. అది గులాబీ రంగు పురుగు కాలం. బోల్‌గార్డ్-2ను ఆ పురుగు తట్టుకోవడం గుజరాత్‌లో 2014-15 నాటికే బయటపడింది. ఇప్పుడు మన చేలల్లోనూ అదే బాధ. చివరి కాయల మీద ఆశతో పంటను జనవరి, ఫిబ్రవరి దాకా లాగితే ఆ పురుగును వచ్చే ఏడాదికి మనమే పెంచినట్టు.

జులై మూడో వారంలో విత్తినవాళ్లు 75 రోజులకే చివరి దఫా ముగించండి. ఎర్ర నేలల్లో అయితే అక్టోబరు వచ్చేసరికి పదును (నేలలో తడి) ఉండదు.

5. పదును చూసి వేయండి

నేల పిడికిట్లోకి తీసుకుని నొక్కండి. ముద్ద కట్టి, కింద వేస్తే విడిపోవాలి. అది సరైన పదును. పొడిపొడిగా రాలిపోతే ఆగండి. నీళ్లు కారుతూ జిగటగా ఉంటే ఇంకా ఆగండి.

ఒక ఏడాది మా చేలో 40 రోజుల దఫా వేసే రోజు మబ్బు బాగా పట్టింది. సాయంత్రానికి వాన ఖాయం అనుకుని పైపైన తడి ఉన్న నేల మీదే చల్లించేశాను, మట్టి కప్పించలేదు. తొమ్మిది రోజులు చినుకు పడలేదు. రేగడి నేల, పైన కాస్త తడి, ఎండ. యూరియా అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోవడానికి ఇంతకంటే అనుకూలం ఉండదు. ఆ మూల మొక్కలు పక్క మడి మొక్కల కంటే జానెడు పొట్టిగా ఉండిపోయాయి, సీజన్ చివరి దాకా కోలుకోలేదు.

మబ్బును చూసి ఎరువు వేయొద్దు. పడిన వానను చూసి వేయండి.

6. మొక్క పక్కన పెట్టి మట్టి కప్పండి

చల్లడం మానేయండి. పత్తి సాళ్ల మధ్య మూడడుగుల ఖాళీ ఉంటుంది. చల్లిన యూరియాలో ఎక్కువ భాగం ఆ ఖాళీలో, కలుపు మీద పడుతుంది.

మొదటి దఫాకు మొక్క మొదలు నుంచి 3-4 అంగుళాల దూరంలో, తర్వాతి దఫాలకు ఇంకో రెండు అంగుళాలు జరిపి, రెండు మూడు అంగుళాల లోతు గుంత చేసి వేసి మట్టి కప్పాలి. మొదలుకు ఆనించి వేస్తే వేరు మాడుతుంది. ఆకుల మీద, సుడిలో గింజలు పడకుండా చూడండి.

మొక్కకు ఎంత? 90 × 60 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు సుమారు 7,400 మొక్కలు. 28 కిలోల యూరియాను పంచితే మొక్కకు 4 గ్రాముల లోపే. ఒక టీ స్పూను సమంగా నింపితే దాదాపు అంతే. 90 × 90లో మొక్కలు 4,900, మొక్కకు 6 గ్రాముల లోపు, అంటే స్పూనున్నర. చేతి చిటికెలతో వేయిస్తే ఒకరి చిటికె ఇంకొకరి గుప్పెడవుతుంది. కూలీలకు ఒకే సైజు మూతలు ఇవ్వండి. వేసే ముందు ఆ మూతతో వంద సార్లు తీసి తూకం వేయండి. 400 గ్రాములు వస్తే మూతకు 4 గ్రాములు అన్నమాట.

గుంతలు చేయించే స్తోమత లేదు, కూలి రేటు భరించలేం అంటే రెండో దారి ఉంది. సాలు పక్కన నాగలితోనో గొర్రుతోనో సన్నగా గీత తీసి, అందులో యూరియా, పొటాష్ వరసగా పోసి, వెంటనే గుంటక (పైమట్టిని కదిపి కలుపు కోసే పనిముట్టు) తోలండి. కలుపు పాటు, ఎరువు రెండూ ఒకే రోజున అయిపోతాయి. మొక్కకు గుంత అంత కచ్చితం కాదు గానీ చల్లడం కంటే ఎంతో మేలు.

అవి రెండూ కుదరక చల్లాల్సే వస్తే, ముందు కలుపు తీయించి, పదును మీద సాలు వెంట మాత్రమే చల్లి, అదే రోజు గుంటక తోలండి. రేపటికి ఉంచొద్దు.

డ్రిప్ ఉన్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. అదే మోతాదును వారానికోసారి చిన్న చిన్న వాటాలుగా నీటితో ఇవ్వండి. మొదట తక్కువ, గూడ నుంచి కాయ దాకా ఎక్కువ, 85-90 రోజులకు ఆపడం. చివరి పది నిమిషాలు ఒట్టి నీళ్లు వదిలితే పైపులు శుభ్రంగా ఉంటాయి.

దగ్గరగా విత్తే పద్ధతిలో, 80 × 20 సెంటీమీటర్ల దూరంలో, ఎకరాకు 25 వేల మొక్కలు ఉంటాయి. “మొక్కలు మూడింతలు, ఎరువూ మూడింతలు” అనుకోవద్దు. నేల, వాన అవే. ఇక్కడ మొక్కకు కాక సాలుకు లెక్క వేసి గీతలో పోయండి. 45 రోజులప్పుడు పెరుగుదలను అదుపు చేసే మెపిక్వాట్ క్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీలీటరు చొప్పున పిచికారీ చేయాల్సి రావచ్చు. మొక్క బెట్టలో ఉంటే మాత్రం అది కొట్టకండి.

ఒక్క హెచ్చరిక, దయచేసి మరిచిపోకండి. యూరియా కలిపిన నీళ్ల బకెట్టు, తొట్టి పశువులకు అందేలా వదలొద్దు. దాహంతో తాగితే గంటల్లో ప్రాణం పోతుంది. ఖాళీ బస్తాలు కడిగిన నీళ్లు కూడా అంతే.

7. ఆకు చూసి రోగం గుర్తుపట్టండి

ఎర్రబారిన ప్రతి ఆకుకూ యూరియా మందు కాదు. చేలోకి వెళ్లి ఆకు తిప్పి చూడండి.

కింది ముదురు ఆకులు అన్నీ సమంగా, ఈనెలతో సహా పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతుంటే అది నత్రజని లోపం. మొక్క పొట్టిగా, కొమ్మలు సన్నగా ఉంటాయి.

కింది ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య భాగం ఎర్రగా, ఊదాగా మారితే మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చేయాలి. తేలిక నేలల్లో లోపం కనిపించే దాకా ఆగకుండా 45, 75 రోజులకు కొట్టడం మంచిది.

ఆకు అంచులు కిందికి ముడుచుకుని, అంచుల నుంచి పసుపు, తర్వాత ఎరుపు లోపలికి వస్తుంటే ఆకు వెనక్కి తిప్పండి. పచ్చదోమ అడ్డంగా పరుగెత్తుతూ కనిపిస్తుంది. ఇక్కడ యూరియా వేస్తే దోమకు విందు పెట్టినట్టే.

కాయ బాగా పట్టిన సమయంలో పై ఆకుల అంచులు మాడినట్టు అయితే పొటాష్ లోపం. లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) పిచికారీ చేయండి, వారం పది రోజులకు మరోసారి.

రాత్రి చలి పెరిగాక, పంట చివర్లో ఆకు ఎర్రబడటం సహజం కూడా. అక్టోబరు చివర్లో దానికి మందు కొట్టి డబ్బు పోగొట్టుకోవద్దు.

8. వాన ఎక్కువైనా, వాన లేకపోయినా

చేలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేరుకు గాలి అందదు. నేలలోని నత్రజని కూడా గాలిలోకి పోతుంది. అందుకే ముంపు తగ్గిన నాలుగైదు రోజులకు చేనంతా పసుపు పడుతుంది. చేయాల్సింది వరసగా:

ముందు కాలువలు తీసి నీళ్లు బయటికి పంపండి. నీళ్లు ఉండగా యూరియా చల్లొద్దు, అది కూడా పోతుంది. వేరు పనిచేయదు కాబట్టి ఆకు ద్వారా ఇవ్వండి. లీటరుకు 20 గ్రాముల యూరియా లేదా 10 గ్రాముల 13-0-45. 15 లీటర్ల ట్యాంకుకు యూరియా 300 గ్రాములు. కాలు దిగబడకుండా నేల ఆరాక ఎకరాకు 25 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ మొక్కల పక్కన వేసి మట్టి కప్పండి. ఇది మామూలు దఫాకు మూడు నాలుగు రోజుల దూరంలోనే ఉంటే అదే ఆ దఫా అనుకోండి, రెండూ వేయొద్దు.

బెట్ట వస్తే నేలకు ఎరువు ఆపండి. ఉదయం 9 లోపు లేదా సాయంత్రం లీటరుకు 20 గ్రాముల యూరియా పిచికారీతో నెట్టుకురండి. గుంటక తోలి పగుళ్లు మూసేస్తే ఉన్న పదును కొన్నాళ్లు నిలుస్తుంది.

పిచికారీ మీద ఆశ ఎక్కువ పెట్టుకోకండి. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 4 కిలోల యూరియా కొడితే చేరేది 2 కిలోల లోపు నత్రజని. ప్రాణం నిలబెట్టడానికి పనికొస్తుంది, నేల దఫాకు బదులు కాదు. నానో యూరియా గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. 4 శాతం రకం అర లీటరు సీసాలో ఉండే నత్రజని 20 గ్రాములు, 20 శాతం రకంలో 100 గ్రాములు. ఒక బస్తాలో 20 కిలోలకు పైనే. సీసాను నమ్మి బస్తా మానేసే ముందు ఈ లెక్క చూడండి.

డీఏపీ నీళ్లు, మెగ్నీషియం సల్ఫేట్ ఒకే ట్యాంకులో కలపొద్దు, విరిగి అడుగున పేరుకుంటాయి.

మళ్లీ మళ్లీ జరిగే పొరపాట్లు

పక్క చేను చూసి వేయడం. ఆయన నేల వేరు, విత్తిన రోజు వేరు.

60 రోజులకు డీఏపీ, 20-20 లాంటి కాంప్లెక్స్ పైపాటుగా వేయడం. భాస్వరం నేలలో కదలదు. పైన వేసిన భాస్వరం వేరుకు చేరదు, ఆ డబ్బు దండగ.

యూరియా, సూపర్ ముందు రోజే కలిపి ఉంచడం. రెండూ కలిస్తే చెమ్మగిల్లి ముద్దవుతాయి.

కలుపు ఉండగా ఎరువు వేయడం. ముందు కలుపు, తర్వాతే ఎరువు.

వేప పూత యూరియా అని ప్రత్యేకంగా వెతకడం. 2015 నుంచి మన దగ్గర రైతుకు అమ్మే యూరియా అంతా వేప నూనె పూసిందే. ఆ పూత వల్ల నత్రజని కొంచెం నిదానంగా విడుదలవుతుంది. అంతమాత్రాన చల్లి వదిలేసినా ఏం కాదు అనుకోవద్దు.

ముదురు పచ్చ రంగు చూసి మురిసిపోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మనిషెత్తు చెట్టు, అరచేతి వెడల్పు ఆకు, లోపలికి ఎండ పడదు, కింది కాయలు కుళ్లుతాయి. పూత పైకొమ్మల్లో మాత్రమే ఉంటుంది. దానికి మందుల ఖర్చు కూడా పెరుగుతుంది. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే, కిలో నత్రజని 13 రూపాయలకు పడుతుంది. అందుకే ఎక్కువ వేస్తే పోయేదేముంది అనిపిస్తుంది. పోయేది ఆ తర్వాత దోమకు కొట్టే రెండు మూడు పిచికారీల్లో.

సీజన్ మధ్యలో సరిచూసుకోవడం

60 రోజుల నుంచి వారానికోసారి చేలో వేర్వేరు చోట్ల పది మొక్కలు చూడండి. రెండు కొలతలు చాలు.

ఒకటి, ఆ రోజు విచ్చిన పువ్వు ఏ కణుపు దగ్గర ఉందో చూసి, దాని పైన చివరి దాకా ఎన్ని కణుపులు ఉన్నాయో లెక్కపెట్టండి. కొమ్మలో కాండానికి దగ్గరగా ఉన్న మొదటి పువ్వునే తీసుకోవాలి. పూత మొదట్లో ఎనిమిది దాకా ఉంటే ఆరోగ్యం. 65-70 రోజులకే అయిదుకు పడిపోతే మొక్క అలసిపోయింది, తిండో నీరో చాలడం లేదు. 90 రోజులు దాటినా ఎనిమిదికి తగ్గకపోతే నత్రజని ఎక్కువైంది, లేదా గూడ రాలిపోయి మొక్క ఊరికే పెరుగుతోంది.

రెండు, చివరి నుంచి నాలుగో, అయిదో కణుపుల మధ్య దూరం. మూడు అంగుళాలు దాటితే పెరుగుదల అదుపు తప్పుతోంది. తర్వాతి దఫా సగానికి తగ్గించండి.

చివరి లెక్క: మీ యూరియా ఎంత పత్తి ఇచ్చింది?

ఇది ఒక్క గుంట స్థలంలో చేసే పని. ఆంధ్రలో అయితే రెండున్నర సెంట్లు అనుకోండి. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. గట్టు పక్కన, చెట్టు నీడలో కాకుండా చేను మధ్యలో, ఒకే తీరు నేలలో అలాంటివి మూడు మడులు గుర్తు పెట్టండి. నాలుగు మూలలా కర్రలు పాతండి.

మొదటి మడికి యూరియా అసలు వేయొద్దు. అడుగున డీఏపీ బదులు సూపర్ ఫాస్ఫేట్ 3 కిలోల 750 గ్రాములు వేయండి, లేకపోతే డీఏపీలోని నత్రజని లెక్క చెడగొడుతుంది. రెండో మడికి మీ మామూలు మోతాదు, అంటే డీఏపీ కిలోంబావు, దఫాకు 700 గ్రాముల యూరియా. మూడో మడికి కూడా అంతే డీఏపీ, యూరియా మాత్రం దఫాకు 850 గ్రాములు. పొటాష్, మందులు, కలుపు మూడింటికీ ఒకేలా.

ప్రతి ఏరుడుకూ ఆ మూడు మడుల పత్తి వేరువేరు సంచుల్లో పెట్టి తూకం వేసి రాయండి. గుంట తూకాన్ని 40తో హెచ్చిస్తే ఎకరా దిగుబడి.

ఉదాహరణకు, యూరియా లేని మడిలో 12 కిలోలు, మామూలు మడిలో 19 కిలోలు వచ్చాయనుకుందాం. ఎకరాకు 480, 760 కిలోలు. తేడా 280 కిలోలు. వేసిన నత్రజని 60 కిలోలు కాబట్టి కిలో నత్రజనికి దాదాపు 4.7 కిలోల పత్తి. 2025-26 మద్దతు ధర పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు. 13 రూపాయల నత్రజని 380 రూపాయల పత్తి ఇచ్చినట్టు.

ఇప్పుడు మూడో మడి చూడండి. అక్కడ 19 కిలోల 200 గ్రాములే వస్తే, ఎకరాకు 24 కిలోల యూరియా అదనంగా వేసి తెచ్చుకున్నది 8 కిలోల పత్తి. ఏరుడు కూలి, ఒక్క అదనపు పిచికారీ తీసేస్తే ఏమీ మిగలదు. అలా వస్తే వచ్చే ఏడాది మోతాదు పెంచకండి. 21 కిలోలు వస్తే మీ నేల ఇంకా అడుగుతోందన్న మాట, పెంచవచ్చు.

మొదటి, రెండో మడుల మధ్య తేడా చాలా తక్కువగా వస్తే, అంటే 17, 19 కిలోలు ఇలా, రెండు కారణాలు ఉంటాయి. నేలలోనే నత్రజని బాగా ఉండొచ్చు. లేదా మీరు వేసింది మొక్కకు చేరలేదు. నోటుబుక్కు తెరిచి ఎరువు వేసిన నాలుగు రోజులకూ ఎదురుగా వాన పడిన రోజులు చూడండి. వేసిన మర్నాడు కుండపోత గానీ, కప్పకుండా వదిలేసి వారం రోజులు ఎండ గానీ కనిపిస్తే కారణం అదే. అవేవీ లేకపోతే మట్టి నమూనా తీసి పంపి, ఫలితం వచ్చాకే వచ్చే జూన్‌లో బస్తాలు కొనండి.